పాత ఇంజనుకు పట్టు తెప్పిద్దాం

(మహిళా పొదుపు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)

 

ఈ రోజు మన పిండిమర ఇంజను గురించి మాట్లాడుకుందాం. "ఇంజను సంగతి ఆడవాళ్ళకెందుకు?" అని కొందరు అంటారు. ఆ ఇంజను ఎవరిది? మనది. మన పొదుపు డబ్బుతో కొన్నది. డీజిలు డబ్బు ఎవరు కడుతున్నారు? మనమే. మరి దాని మంచీ చెడూ మనకు తెలియకపోతే ఎట్లా?

ఇంజను పాతదైంది. ఖాళీగా తిరిగేటప్పుడు బాగానే ఉంటుంది. మరలో జొన్నలు పోయగానే కుంగిపోతుంది. మూలుగుతుంది. నల్లటి పొగ కక్కుతుంది. ఒక్కోసారి ఆగిపోతుంది. గింజలు తెచ్చినవాళ్ళు తట్టలు ఎత్తుకుని పక్క ఊరి మరకు పోతున్నారు.

దీనికి ముగ్గురు మూడు మాటలు చెబుతున్నారు. ఒకరు, "అమ్మేసి కొత్తది కొనండి" అంటున్నారు. కొత్తది కొనాలంటే అప్పు చేయాలి. ఇంకొకరు, "పంపు స్క్రూ తిప్పి డీజిలు ఎక్కువ వదలండి, అదే లాగుతుంది" అంటున్నారు. మూడో వారు, "బరువైన చక్రం వేయండి" అంటున్నారు. ఎవరి మాట వినాలి? సంగతి తెలుసుకుంటే మనమే తేల్చుకోవచ్చు.

తిప్పే బలం అంటే ఏమిటి?

మీరందరూ తిరగలి తిప్పినవాళ్ళే. తిరగలి పిడి ఎక్కడ ఉంటుంది? అంచున ఉంటుంది. నడిమధ్య కీలు దగ్గర ఎందుకు పెట్టలేదు? అక్కడ పెడితే ఎంత బలం పెట్టినా రాయి కదలదు. అంచున పెడితే అదే చేయి సులువుగా తిప్పుతుంది. అంటే తిప్పే బలం రెండిటి మీద ఆధారపడుతుంది. ఒకటి, మనం పెట్టే బలం. రెండు, మధ్య నుంచి పిడి ఎంత దూరంలో ఉందో ఆ దూరం. ఈ రెండూ గుణిస్తే వచ్చేదే తిప్పే బలం. మెకానిక్కులు దీన్ని టార్కు అంటారు. మామూలు మాటలో పట్టు, లాగుడు అంటారు.

మరి హెచ్.పి. అంటే? అది గుర్రపు శక్తి. ఒక్క సెకనులో 75 కిలోల బరువును ఒక మీటరు ఎత్తుకు లేపితే అది ఒక హెచ్.పి. తిప్పే బలం, తిరిగే వేగం రెండూ కలిస్తే హెచ్.పి. అవుతుంది. ఇంజను మీద ఒక రేకు ఉంటుంది. దాని మీద హెచ్.పి., ఆర్.పి.ఎం. అని రెండు అంకెలు ఉంటాయి. ఆర్.పి.ఎం. అంటే నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ లెక్క. ఇప్పుడు మీకు అంకెలు వచ్చు. వెళ్ళేటప్పుడు ఆ రేకు చదివి వెళ్ళండి.

మన ఇంజను రేకు మీద 5 హెచ్.పి., 1500 ఆర్.పి.ఎం. అని ఉంది. పాత కాలపు ఇంజన్లు ఇంకా మెల్లగా తిరిగేవి. ఇంగ్లండులో లిస్టర్ కంపెనీ తయారుచేసిన ఒక రకం ఇంజను 6 హెచ్.పి.ది. అది నిమిషానికి 650 చుట్లే తిరిగేది. అదే నమూనాలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో చాలా ఇంజన్లు తయారయ్యాయి. లెక్క వేస్తే, ఆ ఇంజను తిప్పే బలం ఒక మీటరు దూరాన 6 కిలోలన్నర పైనే. మన ఇంజనుది దాదాపు 2 కిలోల 400 గ్రాములు. హెచ్.పి.లో తేడా ఒక్కటే అయినా పట్టులో ఎంత తేడా ఉందో చూశారా? మెల్లగా తిరిగే ఇంజను పెద్ద పట్టుతో తిప్పుతుంది. వడిగా తిరిగే ఇంజను చిన్న పట్టుతో ఎక్కువసార్లు తిప్పుతుంది.

డీజిలు ఇంజను ఎట్లా పనిచేస్తుంది?

జర్మనీ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ ఈ ఇంజనును కనిపెట్టాడు. 1897లో ఆగ్స్‌బర్గ్ ఊరిలో అది బాగా నడిచి చూపించింది. ఆయన పేరే ఇంజనుకూ, నూనెకూ వచ్చింది. 1900లో పారిస్‌లో పెద్ద ప్రదర్శన జరిగింది. అక్కడ ఒక డీజిలు ఇంజనును శనక్కాయల నూనెతో నడిపి చూపించారు! అట్లా అని మన ఇంజనులో నూనె పోయకండి. ఆ నూనె చిక్కన. నాజిలుకు మసి పట్టిస్తుంది.

ఈ ఇంజనులో నిప్పు పెట్టేది ఏదీ లేదు. మరి డీజిలు ఎట్లా మండుతుంది? సైకిలుకు గాలి కొట్టినప్పుడు పంపు అడుగు పట్టుకుని చూశారా? వెచ్చగా ఉంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ఇంజనులో పిస్టను గాలిని ఇంకా గట్టిగా నొక్కుతుంది. పదహారు, పదిహేడు వంతుల గాలిని ఒక వంతు చోటులోకి నొక్కేస్తుంది. ఆ గాలి 500 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. అప్పుడు నాజిలు డీజిలును సన్నటి తుంపరగా చల్లుతుంది. అది భగ్గుమంటుంది. ఆ మంట పిస్టనును కిందికి తోస్తుంది.

గాలి పీల్చడం, నొక్కడం, మండడం, పొగ వదలడం. ఇవి నాలుగు పనులు. నాలుగు పనులకూ చక్రం రెండు చుట్లు తిరుగుతుంది. అంటే రెండు చుట్లకు ఒక్కసారే బలం పుడుతుంది. మన ఇంజను నిమిషానికి 1500 చుట్లు తిరిగితే ఎన్నిసార్లు మండుతుంది? సగం, అంటే 750 సార్లు.

లోడు పడితే ఎందుకు కుంగుతుంది?

ఇంట్లో వాషరు అరిగిన సైకిలు పంపు ఉంటే చూడండి. గబగబా కొడితే కాస్త గాలి ఎక్కుతుంది. మెల్లగా నొక్కితే గాలి అంతా పక్కనుంచి బుస్సున పోతుంది. మెల్లగా నొక్కితే గాలి జారిపోవడానికి తీరిక ఎక్కువ దొరుకుతుంది కదా!

పాత ఇంజనులో జరిగేది ఇదే. పిస్టను రింగులు అరుగుతాయి. వాల్వులు సరిగా మూసుకోవు. వడిగా తిరిగేటప్పుడు గాలి జారిపోయే తీరిక లేదు. అందుకే ఖాళీగా బాగానే తిరుగుతుంది. గింజలు పోయగానే చుట్లు తగ్గుతాయి. గాలి జారిపోతుంది. వేడి చాలదు. డీజిలు సరిగా మండదు. పట్టు తగ్గుతుంది. పట్టు తగ్గితే చుట్లు ఇంకా తగ్గుతాయి. చివరికి ఆగిపోతుంది.

బాగున్న ఇంజను అట్లా కాదు. లోడు పడగానే కొంచెం కుంగుతుంది. వెంటనే నిలదొక్కుకుని లాగుతుంది. మన ఇంజనుకు ఒకప్పుడు ఆ పట్టు ఉండేది. పోయిన పట్టును మళ్ళీ తేవడమే మన పని.

ముందు ఖర్చు లేని పనులు

మొదటిది గాలి ఫిల్టరు. పిండిమర దగ్గర దుమ్ము ఎక్కువ. పిండి, దుమ్ము పట్టి ఫిల్టరు మూసుకుపోతుంది. పొయ్యికి గాలి ఆడకపోతే ఏమవుతుంది? పొగ వస్తుంది. ఇంజనుకూ అంతే. నూనె ఉండే ఫిల్టరైతే జాలీని డీజిలులో కడిగి ఆరబెట్టాలి. పాత నూనె పారబోసి గుర్తు దాకా కొత్త నూనె పోయాలి. ఈ పని చేసేటప్పుడు దగ్గరలో నిప్పు ఉండకూడదు.

రెండోది సైలెన్సరు. అందులో మసి గట్టిపడితే పొగ బయటికి పోదు. పొగ పోకపోతే కొత్త గాలికి చోటు ఉండదు. ఇంజను చల్లారాక విప్పి మసి గీకాలి.

మూడోది డీజిలు. గుడ్డలో వడగట్టి పోయండి. నీళ్ళు, మట్టి కలిస్తే పంపూ నాజిలూ పాడవుతాయి. చవక అని కిరసనాయిలు కలపకండి. డీజిలుకు కొంచెం జిడ్డు ఉంటుంది. ఆ జిడ్డే పంపును కాపాడుతుంది. కిరసనాయిలుకు అది చాలదు.

నాలుగోది బెల్టు. ఇంజను తిరుగుతూ మర తిరగకపోతే బెల్టు జారుతున్నట్టు. ఇంజను ఆపి, బెల్టు బిగువు చూడండి. నూనె అంటితే తుడవండి.

పొగ చెప్పే మాట

పొగ రంగు చూస్తే జబ్బు కొంత తెలుస్తుంది. నల్లటి పొగ వస్తే డీజిలు ఎక్కువైంది, లేదా గాలి తక్కువైంది, లేదా నాజిలు సరిగా చల్లడం లేదు. లోడు మరీ ఎక్కువైనా నల్ల పొగే వస్తుంది. తెల్లటి పొగ ఆగకుండా వస్తుంటే డీజిలు మండకుండా పోతోంది. నొక్కుడు బలం చాలడం లేదన్నమాట. నీలం పొగ వస్తే ఇంజను నూనె మండుతోంది. రింగులు అరిగి ఉండవచ్చు.

మెకానిక్ చేయాల్సిన పనులు

ఇవి మనం చేయలేం. కానీ చేయించగలం. ఏం చేస్తున్నాడో అడగగలం.

ఒకటి, నొక్కుడు బలం పరీక్ష. డీజిలు ఆపేసి, హ్యాండిలుతో మెల్లగా తిప్పుతారు. బాగున్న ఇంజను స్ప్రింగులా ఎదురు తోస్తుంది. పాడైనది బుస్సుమని జారిపోతుంది. ఆ బుస్సు ఎక్కడినుంచి వస్తుందో వినాలి. సైలెన్సరు నుంచి వస్తే పొగ వాల్వు కారుతోంది. గాలి ఫిల్టరు నుంచి వస్తే గాలి వాల్వు కారుతోంది. నూనె పోసే చోటు నుంచి వస్తే రింగులు అరిగాయి. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. దీన్ని చేయకుండా "రింగులు మార్చాలి" అని ఎవరైనా అంటే, "ఎట్లా తెలిసింది?" అని అడగండి.

రెండు, వాల్వులు. వాటిని విప్పి గరుకు పేస్టుతో రుద్ది సరిగా కూర్చోబెడతారు. దీన్ని గ్రైండింగ్ అంటారు. తర్వాత ట్యాపెట్ గ్యాపు సరిచేస్తారు. గ్యాపు మరీ తక్కువైతే వాల్వు పూర్తిగా మూసుకోదు. గాలి కారుతుంది. ఎంత గ్యాపు ఉండాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. ఆ కొలత ప్రకారమే పెట్టమనండి.

మూడు, నాజిలు. వాకిట్లో కళ్ళాపి ఎట్లా చల్లుతారు? చేత్తో చిలకరిస్తే నేల అంతా సమంగా తడుస్తుంది. చెంబుతో ఒక్కచోట ఒంపితే గుంట పడుతుంది. నాజిలు కూడా తుంపరగా చల్లాలి. చుక్కలుగా కారితే డీజిలు సగం మండి సగం మసి అవుతుంది. మెకానిక్ షాపులో నాజిలు పరీక్షించే యంత్రం ఉంటుంది. పరీక్షించి చూపించమనండి.

నాలుగు, డీజిలు చల్లే సమయం. పిల్లలను ఊయల ఊపుతారు కదా! ఊయల మన వైపు వస్తుండగానే తోస్తే చేతికి దెబ్బ. అది చాలా దూరం పోయాక తోస్తే చేయి అందదు. సరిగ్గా తిరిగే చోట తోస్తే హాయిగా ఊగుతుంది. డీజిలు అంటుకోవడానికి రవ్వంత సమయం కావాలి. అందుకే పిస్టను పైకి చేరడానికి కొంచెం ముందు చల్లాలి. మరీ ముందు చల్లితే మంట పిస్టనుకు ఎదురు తోస్తుంది. టంగుటంగున కొట్టుడు శబ్దం వస్తుంది. చుట్లు తగ్గినప్పుడు ఈ దెబ్బ ఇంకా ఎక్కువ. మరీ ఆలస్యంగా చల్లితే బలమంతా పొగలో పోతుంది. ఈ సమయాన్ని గుర్తులు చూసి కట్టాలి. చెవితో విని కట్టకూడదు.

ఐదు, రింగులు, లైనరు, పిస్టను. ఇది పెద్ద ఖర్చు. పై నాలుగూ అయ్యాక, పరీక్షలో తేలితేనే చేయించాలి. చేయించాక కొన్ని గంటలు తేలిక లోడు మీదే నడపాలి.

ఆ స్క్రూ తిప్పకండి

డీజిలు ఎక్కువ వదిలితే లాగదా అని అడుగుతున్నారు. పొయ్యిలో కట్టెలు కుక్కితే మంట పెరుగుతుందా? పెరగదు. పొగ పెరుగుతుంది. ఉన్న గాలికి తగ్గ కట్టెలే మండుతాయి. ఇంజనులోనూ గాలి ఎంత ఉంటే అంత డీజిలే మండుతుంది. మిగిలింది నల్ల పొగ అవుతుంది. ఆ పొగ మన డబ్బే. పైగా ఇంజను మరీ వేడెక్కి పిస్టను పట్టేస్తుంది. అప్పుడు నిజంగానే కొత్తది కొనాల్సి వస్తుంది. గవర్నరు స్ప్రింగును కూడా కదిలించకండి. ఇంజను అదుపు తప్పి వడెక్కకుండా చూసేది అదే.

మరి బరువైన చక్రం? ఫ్లైవీలు మన పొదుపు సంఘం లాంటిది. ఉన్నప్పుడు దాచుకుంటుంది. లేనప్పుడు ఇస్తుంది. అంతేగానీ కొత్తగా సంపాదించి పెట్టదు. ఒక మంటకూ ఇంకో మంటకూ మధ్య కుదుపు తగ్గిస్తుంది. గుప్పెడు గింజలు ఒక్కసారిగా పడితే తట్టుకుంటుంది. గంట సేపు లాగే బలం అది ఇవ్వలేదు. పైగా ఇరుసుకు బరువు పెరుగుతుంది.

పులీ లెక్క

తిప్పే బలం పెంచడానికి ఇంకో దారి ఉంది. మన ఇంజను పులీ 6 అంగుళాలు. మర పులీ 12 అంగుళాలు. ఇంజను రెండు చుట్లు తిరిగితే మర ఒక చుట్టు తిరుగుతుంది. 1500లో సగం 750. చుట్లు సగం అయ్యాయి. తిప్పే బలం దాదాపు రెండింతలు అయింది.

ఇంజనుకు 5 అంగుళాల పులీ వేస్తే? 1500ను 5తో గుణించి 12తో భాగించండి. 625 వచ్చిందా? మర చుట్లు తగ్గాయి. తిప్పే బలం రెండింతలన్నర దగ్గరికి వచ్చింది. ఇంజను కుంగడం తగ్గుతుంది. కానీ పిండి మెల్లగా వస్తుంది. కష్టం లేకుండా ఏదీ రాదు. మర ఎన్ని చుట్లు తిరగాలో దాని రేకు మీద ఉంటుంది. అంతకంటే మరీ తగ్గితే పిండి సరిగా పడదు. కాబట్టి ఇంజను బాగు చేయించాకే పులీ సంగతి చూద్దాం. అప్పటిదాకా గింజలు కొద్దికొద్దిగా వదలండి.

ప్రాణం కంటే మర ఎక్కువ కాదు

తిరిగే బెల్టు దగ్గర చీర కొంగు నడుముకు చుట్టి దోపుకోండి. జడ ముడి వేసుకోండి. చున్నీ తీసి పక్కన పెట్టండి. పసిపిల్లలను మర గదిలోకి రానివ్వకండి. బెల్టుకు జాలీ పెట్టించే ఖర్చు ఇంజను బాగు కంటే ముందు పెడదాం.

హ్యాండిలు పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ వైపే ఉంచండి. చుట్టి పట్టుకుంటే, హ్యాండిలు ఎదురు తన్నినప్పుడు బొటనవేలు విరుగుతుంది.

నాజిలు తుంపర ముందు చేయి పెట్టకండి. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంతే కనబడుతుంది. లోపల కండ కుళ్ళిపోతుంది. అట్లా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి.

పొగ గొట్టాన్ని గది బయటికి, తల ఎత్తు కంటే పైకి పెట్టాలి. డీజిలు పొగ క్యాన్సరు తెస్తుందని 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ తేల్చింది. మూసిన గదిలో గానీ, బావి లోపల గానీ డీజిలు ఇంజను నడపకూడదు. విషవాయువు నిండి ప్రాణాలు పోతాయి. పొలాల్లో ఇంజన్లున్న వాళ్ళు ఇంటికి పోయి ఈ మాట చెప్పండి.

లెక్క పుస్తకం పెడదాం

బాగు చేయించాక నిజంగా బాగయిందో లేదో ఎట్లా తెలుస్తుంది? మాటలతో కాదు, అంకెలతో తెలుస్తుంది. ఒక లీటరు డీజిలు కొలిచి పోయండి. అది అయిపోయేలోగా ఎన్ని కిలోలు పట్టామో రాయండి. ఇప్పుడు 40 కిలోలు అనుకుందాం. బాగు చేశాక 50 కిలోలు వస్తే 10 కిలోలు లాభం. 40 కిలోలే వస్తే మెకానిక్‌ను మళ్ళీ పిలవాలి. తేదీ, డీజిలు, కిలోలు, పొగ రంగు. ఈ నాలుగూ రోజూ రాయండి. మర నడిపే అక్కలిద్దరూ ఇప్పుడు రాయగలరు. రాసింది మనమందరం చదవగలం. దాచడానికి ఏమీ ఉండదు.

ఇక నా మాట ఇది. ఈ వారంలో ఖర్చు లేని నాలుగు పనులూ చేద్దాం. తర్వాత నొక్కుడు పరీక్ష, నాజిలు పరీక్ష చేయిద్దాం. ఏ పనికి ఎంతో కాగితం మీద రాసి ఇవ్వమందాం. ఇద్దరు మెకానిక్కులను అడుగుదాం. ఆ ఖర్చు కొత్త ఇంజను వెలలో సగానికి లోపు ఉంటే బాగు చేయిద్దాం. సగం దాటితే, అప్పుడు కొత్తదాని గురించి ఆలోచిద్దాం. ఏదైనా సరే, కాగితం చదివాకే వేలిముద్ర కాదు, సంతకం పెడదాం.

సెలవు.

చదివి చెప్పండి

1. తిరగలి పిడి అంచున ఎందుకు ఉంటుంది?
2. అరిగిన ఇంజను లోడు పడితే ఎందుకు కుంగుతుంది?
3. ఇంజను పులీ 4 అంగుళాలు, మర పులీ 12 అంగుళాలు. ఇంజను 1500 చుట్లు తిరిగితే మర ఎన్ని చుట్లు తిరుగుతుంది?
4. మీ ఊరిలో ఉన్న ఇంజను రేకు మీద అంకెలు చదివి రాయండి.